చిన్నప్పుడే కన్ను తీస్తే కంటి గూడు ఎదగదా?

గాజువాకలో మా పక్క పోర్షన్ వాళ్ళ పాపకు మొదటి పుట్టినరోజు చేశారు. ఫోటోల్లో ఫ్లాష్ పడినచోట కుడి కన్ను ఎర్రగా మెరిసింది, ఎడమ కన్ను తెల్లగా మెరిసింది. పిల్లి కన్ను అని అందరూ ముద్దుగా చూసుకున్నారు. రెండు నెలల తర్వాత తేలింది, అది రెటినోబ్లాస్టోమా అని. కంటి వెనక పొర అయిన రెటీనాలో చిన్నపిల్లలకు వచ్చే క్యాన్సర్ అది. గడ్డ కన్నంతా ఆక్రమించింది, కన్ను తీసేయాలి అన్నారు డాక్టర్లు.

ఆ రాత్రి శ్రీకాకుళం నుంచి వచ్చిన పాప నాయనమ్మ నన్ను పట్టుకుని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "ఏటి బాబూ, ఇంత పసిదానికి కన్ను తీసేత్తే ఆ పక్క ఎముక ఎదగదంట గదా? సగం ముఖం అలాగే ఉండిపోద్దంట గదా?" పక్కనే ఉన్న బంధువు ఒకాయన, ఐదేళ్ళు వచ్చేదాకా ఆగి ఎముక గట్టిపడ్డాక తీయిస్తే మంచిదని సలహా కూడా ఇచ్చాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ సలహా పాటించి ఉంటే ఈ పాటికి ఆ పాప ఉండేది కాదేమో. అందుకే ఈ విషయం మొదటి నుంచి విప్పి చెప్పాలనిపించింది. నాయనమ్మ భయంలో కొంత నిజం ఉంది. ఎంత నిజం, ఎక్కడ కాదు అన్నదే అసలు సంగతి.

కంటి గూడు ఎందుకు పెరుగుతుంది

కనుగుడ్డు కూర్చునే ఎముకల గుంతను డాక్టర్లు ఆర్బిట్ అంటారు, మనం కంటి గూడు అనుకుందాం. ఏడు ఎముకలు కలిసి ముందు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నంగా ఉండేలా ఆ గూడు కట్టి ఉంటాయి. పెద్దవాళ్ళలో దాని లోపలి చోటు సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు టీ స్పూన్లు. అందులో కనుగుడ్డు వాటా 7 మిల్లీలీటర్లే. మిగతాదంతా కొవ్వు, కన్ను తిప్పే కండరాలు, నరాలు, రక్తనాళాలు, కన్నీటి గ్రంథి.

పసిపిల్లల్లో ఈ ఎముకల మధ్య అతుకులు ఇంకా పూడిపోవు. లోపలున్నది పెరుగుతూ నెట్టుకొస్తుంటే అతుకుల దగ్గర కొత్త ఎముక చేరుతూ గూడు పెద్దదవుతుంది. తలలో నీరు చేరిన పిల్లలకు పుర్రె పెద్దదవడం మనలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ పుర్రె తనంతట తాను పెరగలేదు, లోపలి ఒత్తిడికి పెరిగింది. ముఖం ఎముకలు చాలావరకు లోపలి మెత్తటి అవయవాల అవసరాన్ని బట్టే ఎదుగుతాయని అమెరికా శాస్త్రవేత్త మెల్విన్ మాస్ 1960లలో ఒక సిద్ధాంతం చెప్పాడు. ఎముకకు జన్యువులు ఇచ్చే సొంత ఎదుగుదల కూడా ఉంటుందని వాదించినవాళ్ళున్నారు. కంటి గూడు విషయంలో రెండూ నిజమేనని తర్వాత వచ్చిన ఆధారాలు చెబుతున్నాయి. లోపల కన్ను లేకపోయినా గూడు కొంత ఎదుగుతుంది. ఉంటే పూర్తిగా ఎదుగుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట ఉంది. ఎముకకు కావలసింది చూపు కాదు, లోపల చోటు నిండి ఉండడం. అక్కడ ఉన్నది కన్నా, ప్లాస్టిక్ గోళమా అన్నది దానికి పట్టదు. కన్ను తీసిన పిల్లలకు చేసే చికిత్సకు ఆధారం ఇదే.

పద్నాలుగు నెలలకూ ఎనిమిదేళ్ళకూ తేడా

పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు దాదాపు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యాక సుమారు 24. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది. కానీ గోళం అనుకుని ఘనపరిమాణం లెక్కేస్తే 17 మిల్లీమీటర్ల గోళంలో 2.6 మిల్లీలీటర్లు, 24 మిల్లీమీటర్ల గోళంలో 7.2 మిల్లీలీటర్లు పడతాయి. దాదాపు మూడింతలు! ఈ పెరుగుదలలో పెద్ద భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే జరిగిపోతుంది. కంటి గూడు కూడా అలాగే ముందు పరుగెత్తి తర్వాత నెమ్మదిస్తుంది. ఐదేళ్ళకే అది పదిహేనేళ్ళప్పటి పరిమాణంలో మూడొంతులు దాటేస్తుంది.

కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆటలో దెబ్బ తగిలి కన్ను తీయాల్సివస్తే ఎముక సంగతి అంత పెద్ద సమస్య కాదు, గూడు చాలావరకు తయారైపోయింది. పద్నాలుగు నెలల పాపకైతే సగం కట్టిన ఇంట్లోంచి మేస్త్రీ వెళ్ళిపోయినట్టు.

ఖాళీగా వదిలేస్తే నిజంగా ఏమవుతుంది

దీన్ని కుందేళ్ళలో చూశారు. 1970ల ప్రాంతంలో అమెరికాలో బెర్నార్డ్ సార్నాట్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆయన సహచరులు ఎదిగే వయసు కుందేళ్ళలో ఒక పక్క కన్ను తీసి, కొన్నింటికి లోపల గోళం పెట్టి, కొన్నింటికి పెట్టకుండా గూడు ఎదుగుదలను కొలిచారు. ఖాళీగా వదిలిన పక్క గూడు చిన్నదైంది. గోళం పెట్టిన పక్క ఎదుగుదల మామూలుకు దగ్గరగా వచ్చింది. తర్వాత చిన్నప్పుడు కన్ను తీయించుకున్న మనుషుల సీటీ స్కాన్లు తీసి రెండు గూళ్ళనూ పోల్చి చూసినప్పుడు కూడా ఇదే ధోరణి కనిపించింది. లోపల ఏమీ పెట్టనివాళ్ళలో వెనకబాటు ఎక్కువ, సరిపడా గోళం పెట్టినవాళ్ళలో తక్కువ. వీళ్ళలో చాలామందికి బయటి నుంచి ఎముక తేడా పట్టుకోవడమే కష్టం.

ఖాళీ గూడు కూడా ఎదగడం ఆపేయదని నాయనమ్మకు చెప్పినప్పుడు ఆవిడ నమ్మలేదు. పుట్టుకతోనే కన్ను ఏర్పడని పిల్లలు వేరే. వాళ్ళలో గూడుతోపాటు రెప్పలూ వాటి లోపలి పొరా అన్నీ చిన్నవిగానే ఉంటాయి, చికిత్స చాలా కష్టం. కన్ను కొన్ని నెలలైనా ఉండి తర్వాత తీసిన పిల్లల్లో నష్టం అంతకంటే బాగా తక్కువ. వాట్సాప్ వీడియోల్లో ఈ రెండూ కలిపేస్తున్నారు.

మరి ఊళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తున్న ఆ ముఖాలు? కణత లోతుకు పోయి, ఒక పక్క కుదించినట్టు ఉండే ముఖాలు నిజంగానే ఉండేవి. వాటిలో చాలావాటికి అసలు కారణం కన్ను తీయడం కాదు, రేడియేషన్. ఒకప్పుడు ఈ క్యాన్సర్ ఉన్న పసిపిల్లలకు బయటి నుంచి కిరణాలు పెట్టేవారు. ఎదిగే ఎముకకు రేడియేషన్ పెద్ద శత్రువు. ఎముకతోపాటు కణత కండరాన్నీ కొవ్వునూ ఎండగొడుతుంది. రెటినోబ్లాస్టోమా వంశపారంపర్యంగా వచ్చిన పిల్లల్లో, అంటే ఆర్‌బీ1 అనే జన్యువులో లోపంతో పుట్టినవాళ్ళలో, కిరణాలు పడినచోట తర్వాత మరో క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. 1990ల నుంచి కీమోథెరపీ ముందుకొచ్చాక రేడియేషన్ వాడకం బాగా తగ్గింది. కాబట్టి నలభై ఏళ్ళ క్రితం చూసిన ముఖంతో ఇవాళ్టి పాప భవిష్యత్తును ఊహించుకోకూడదు.

"ఐదేళ్ళు ఆగుదాం" అన్న మాట

దీని గురించి రెండు పక్షాలు లేవు. ఈ గడ్డ కంటి నరం వెంట మెదడుకు పాకగలదు. కంట్లోనే ఉన్నప్పుడు పట్టుకుంటే దాదాపు పిల్లలందరూ బతుకుతారు. కన్ను దాటి బయటికొస్తే ఆ మాట చెప్పలేం. గడ్డ చిన్నదైతే కీమో, లేజర్, క్రయో (అతి చల్లదనంతో గడ్డను చంపడం) వంటి చికిత్సలతో కన్నునే కాపాడే అవకాశం ఉంది, చాలాసార్లు ప్రయత్నిస్తారు కూడా. ఇక కాపాడలేమని తేలాక కూడా ఎముక కోసం ఆగడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. తక్కువ పడ్డ ఎముకకు తర్వాత దారులున్నాయి.

లోపలి గోళం, బయటి చిప్ప: ఇవి రెండు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. జనం గాజు కన్ను అనేది బయటికి కనిపించే వస్తువు. అసలు పని చేసేది లోపల కనిపించకుండా ఉండే ఇంకోటి.

కనుగుడ్డు మొత్తం తీసేయడాన్ని ఎన్యూక్లియేషన్ అంటారు. క్యాన్సర్‌కు చేసేది ఇదే. దెబ్బలకూ చీముకూ కొన్నిసార్లు తెల్లగుడ్డు పెంకును ఉంచి లోపలి పదార్థం మాత్రమే తీస్తారు, అది ఎవిసరేషన్. ఏదైనా సరే, ఆ ఖాళీలో ఒక గోళం పెట్టి, కండరాలను దానిమీదికి తెచ్చి, పైన పొరలు కప్పి కుట్టేస్తారు. ఈ గోళమే ఇంప్లాంట్. ఇది ఇక సాధారణంగా జీవితాంతం లోపలే ఉంటుంది. దానిమీద, రెప్పల వెనక, పారదర్శకమైన చిన్న చిప్ప ఒకటి పెడతారు, పేరు కన్ఫార్మర్. రెప్పల వెనక లోతు మూసుకుపోకుండా అది కాపలా. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పుండు మానాక కన్ఫార్మర్ తీసేసి రంగులు వేసిన కృత్రిమ కన్ను పెడతారు. బయటి చిప్ప అంటే ఇదే.

ఆ కన్ను తయారవుతుంటే పాపతోపాటు వెళ్ళి చూశాను. ముందు సాకెట్‌లోకి, అంటే కన్ను తీసిన గుంతలోకి, మెత్తటి పేస్టు వేసి అచ్చు తీశారు. తర్వాత నల్లగుడ్డు రంగు. గోధుమ రంగు అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, కన్ను తయారుచేసే ఆవిడ పాప కుడి కంటిని చూస్తూ ఐదారు రంగులు పొరలు పొరలుగా అద్దింది. తెల్లగుడ్డు మీద రక్తనాళాల కోసం ఎర్ర దారంలోంచి పోగులు తీసి, పట్టకారుతో ఒక్కొక్కటి అతికించింది. పసిపిల్లల తెల్లగుడ్డు కాస్త నీలి ఛాయలో ఉంటుందని, పెద్దవాళ్ళ తెలుపు వేస్తే బొమ్మ కన్నులా కనిపిస్తుందని చెప్పింది. ఆ చిప్ప అరచేతిలో పెడితే బరువే తెలియలేదు. ఇప్పుడు వాడేది గాజు కాదు, అక్రిలిక్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజు కళ్ళు రావడం ఆగిపోయాక అమెరికాలో దీన్ని తయారుచేశారు. మనవాళ్ళ నోట్లో మాత్రం ఆ గాజు పేరు ఇంకా పోలేదు.

రెండు మిల్లీమీటర్ల విలువ

ఇప్పుడు ఒక లెక్క. పద్నాలుగు నెలల పాప కన్ను సుమారు 20.5 మిల్లీమీటర్లు అనుకుందాం. గోళంగా లెక్కేస్తే 4.5 మిల్లీలీటర్లు. అది తీసేశాక 14 మిల్లీమీటర్ల చిన్న గోళం పెడితే నిండేది 1.4 మిల్లీలీటర్లే. 18 పెడితే 3.1. 20 పెడితే 4.2. గోళం వ్యాసం 18 నుంచి 20కి పెరిగింది, రెండే మిల్లీమీటర్లు. లోపల నిండింది మాత్రం మూడోవంతుకు పైగా పెరిగింది.

18 గోళం మీద 1.5 మిల్లీలీటర్ల కృత్రిమ కన్ను పెడితే మొత్తం 4.6. ఇవాళ్టికి సరిపోయింది. కానీ పాప పెద్దదయ్యేసరికి రెండో కన్ను 7.2కి చేరుతుంది. లోపలి గోళం ఎదగదు. తేడా 2.6 మిల్లీలీటర్లు, సగం టీ స్పూను. ఆ తక్కువనంతా బయటి చిప్పను మందం చేసి పూడ్చాలని చూస్తే బరువుకు కింది రెప్ప జారిపోతుంది, పై రెప్ప కింద గుంత కనిపిస్తుంది. అందుకే పిల్లలకైనా వీలైనంత పెద్ద గోళం, కుదిరితే పెద్దవాళ్ళ సైజుకు దగ్గరగా, మొదటి ఆపరేషన్‌లోనే పెట్టాలని ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు అంటారు.

మరీ పెద్దది పెడితే? పైన కప్పిన పొరలు బిగుసుకుపోయి, కొన్నాళ్ళకు చిరిగి గోళం బయటపడొచ్చు. అప్పుడు అది తీసేయాల్సి రావచ్చు, మళ్ళీ ఖాళీ. కుట్లు లాగకుండా ఎంత పెద్దది పడుతుందన్నది ఆపరేషన్ బల్ల మీద సర్జన్ చేతికి తెలియాల్సిన విషయం, పుస్తకంలోని అంకె కాదు.

ఏది నింపాలి: డాక్టర్ల మధ్య ఉన్న చర్చ

ఎదిగే పిల్లకు ఎదగని గోళం ఎందుకు, ఎదిగేదే పెడదాం అనే ఆలోచన కొత్తది కాదు. పిరుదు దగ్గర చర్మం పైపొర తీసేసి, కింది పొరనూ దానికి అంటుకున్న కొవ్వునూ ముద్దగా తీసి సాకెట్‌లో పెట్టే పద్ధతి 1978లో ప్రచురితమైంది. డెర్మిస్ ఫ్యాట్ గ్రాఫ్ట్ అంటారు. దీని స్వభావం విచిత్రం. పెద్దవాళ్ళలో ఇది కొంత కరిగిపోతుంది, పసిపిల్లల్లో వాళ్ళతోపాటు పెరుగుతుంది. ఎముకను నెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి అంటారు దీన్ని ఇష్టపడేవాళ్ళు. లోపలి పొర తక్కువైన సాకెట్‌కు ఇది పొరను కూడా ఇస్తుంది. వద్దనేవాళ్ళ మాటలోనూ బలముంది: పిల్ల లావెక్కితే ఇదీ లావెక్కి కృత్రిమ కన్నును బయటికి తోసేస్తుంది, అప్పుడు మళ్ళీ ఆపరేషన్ చేసి తగ్గించాలి. రక్తం సరిగ్గా అందకపోతే ఎండిపోతుంది. ఒంటిమీద ఇంకో చోట గాయం ఎలాగూ తప్పదు.

మూడో దారి, ఉబ్బే ఇంప్లాంట్లు. ఒంట్లోని నీటిని పీల్చుకుని తనంతట తాను పెద్దదయ్యే జెల్ గోళాలు, సూదితో సెలైన్ ఎక్కించి కొద్దికొద్దిగా పెంచే బుడగలు. పుట్టుకతో కన్ను లేని పిల్లల్లో వీటి అవసరం ఎక్కువ. జరిగిపోవడం, పగలడం వంటి ఇబ్బందులు వీటికి ఉన్నాయి. మా పాపలాంటి పిల్లలకు సాధారణంగా ఇంత దూరం పోనక్కర్లేదు.

గోళం దేనితో చేయాలన్నదీ ఒక వాదమే. పగడపు దిబ్బల నుంచి తయారైన, సన్నటి రంధ్రాలున్న హైడ్రాక్సీఅపటైట్ గోళాలు 1989లో అమెరికాలో అనుమతి పొందాయి. రక్తనాళాలు లోపలికి అల్లుకుపోతాయి కాబట్టి అవి కదలకుండా నిలుస్తాయన్నారు. రంధ్రాల పాలిథిలీన్ ఆ తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. మామూలు అక్రిలిక్ గోళం వీటన్నిటికంటే చాలా చవక. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కండరాలను కుట్టే తీరు మారిస్తే చవక గోళంతో కూడా ఖరీదైన దానికి సాటిగా కృత్రిమ కన్ను కదులుతుందని తేలింది. ఎముక సంగతికొస్తే, నేను చదివి అర్థం చేసుకున్నంతవరకు పదార్థం కంటే పరిమాణమే ముఖ్యం. ఖరీదైన గోళం కొనలేకపోయామని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు.

ఇంకో అనుమానం, లోపల గోళం ఉంటే క్యాన్సర్ తిరగబెట్టినా కనిపించదేమో అని. ఒకప్పుడు ఈ కారణంతోనే కొందరు డాక్టర్లు గోళం పెట్టడానికి వెనకాడేవారు. ఇప్పుడు ఎమ్మారై స్కాన్‌లో గోళం వెనకా కనిపిస్తుంది. తీసిన కన్నును బయాప్సీకి పంపి, నరం కోసిన చివర క్యాన్సర్ ఉందో లేదో చూస్తారు. అక్కడ ఉందని తేలితే లెక్క మారుతుంది, అప్పుడు కీమో ముందుకొస్తుంది.

పెద్దయ్యాక గుంత మిగిలినవాళ్ళకు

పాడేరు వైపు నుంచి వచ్చే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడిని ఊహించుకోండి. మూడేళ్ళప్పుడు కర్రాబిళ్ళ తగిలి కన్ను పోయింది, తీసేశారు, లోపల ఏమీ పెట్టలేదు. ఇప్పుడు రెప్ప లోతుకు పోయింది, కృత్రిమ కన్ను పెడితే జారిపోతోంది. ఇంట్లో అందరూ ఎముక ఎదగలేదనే అంటారు. నిజానికి అతనిలో మూడు లోట్లు కలిసి ఉండొచ్చు. ఒకటి లోపలి పొర ముడుచుకుపోవడం, అందువల్ల కృత్రిమ కన్ను నిలవడానికి లోతు లేదు. రెండోది గూట్లో మెత్తటి పదార్థం తక్కువ. మూడోది ఎముక.

మూడింటికీ మూడు వేర్వేరు మరమ్మతులు. పొరకు కింది పెదవి లోపలి నుంచో బుగ్గ లోపలి నుంచో పొర తీసి అతుకుతారు. చోటు నింపడానికి ఆలస్యంగానైనా గోళమో కొవ్వు గ్రాఫ్టో పెడతారు, పై రెప్ప కింది గుంతకు కొన్నిసార్లు ఒంట్లోని కొవ్వునే ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. ఎముక అంచు నిజంగా లోపలికి ఉంటే దానిమీద పుర్రె ఎముక ముక్కో, పాలిథిలీన్ ముక్కో అమర్చి ఎత్తు పెంచుతారు. సీటీ స్కాన్‌లో బాగున్న పక్కను అద్దంలోలా తిప్పి, ఆ కొలతకు సరిపడేలా త్రీడీ ప్రింటింగ్‌తో ముక్క తయారుచేయడం కూడా మొదలైంది. గూటి ఎముకలనే కోసి బయటికి జరపడం అన్నిటికంటే పెద్ద ఆపరేషన్. ఆ గూటి పైకప్పే మెదడుకు నేల కాబట్టి న్యూరోసర్జన్ కూడా పక్కన ఉండాల్సి వస్తుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఎముక వంకరే కారణమని అందరూ అనుకునేచోట తరచుగా మొదటి రెండు లోట్లే పెద్దవి. అవి సరిచేశాక ఎముక తేడా కంటికి ఆనకుండా పోవచ్చు.

డబ్బాలో మిగిలిపోయే కన్ను

విశాఖలో ఇప్పుడు హనుమంతవాక దగ్గర 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ సంస్థ కంటి ఆసుపత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు ఇచ్ఛాపురం నుంచి హైదరాబాద్ దాకా వెళ్ళాల్సిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అయినా ఒక చోట దారి తెగిపోతోంది. ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళు కృత్రిమ కన్ను మార్చుకోవడానికి రారు. పెట్టబోతే పిల్ల ఏడుస్తుంది, అమ్మకు చేతులు వణుకుతాయి, ఒకరోజు తీసి డబ్బాలో పెడతారు, అది అక్కడే ఉండిపోతుంది. లోపల గోళం ఉంది కాబట్టి ఎముకకు వెంటనే నష్టం లేకపోవచ్చు. కానీ చిప్ప లేని సాకెట్‌లో రెప్పల వెనక లోతు పూడుకుపోతుంది. పిల్లలు ఎదిగే కొద్దీ చిప్ప చిన్నదైపోతుంది, ఏడాదికో రెండేళ్ళకో కొత్తది కావాలి. ఆ రాకపోకల ఖర్చు, పోయే కూలి రోజులు ఎవరూ లెక్కలో వేయరు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మా పక్క పోర్షన్ పాపకు 20 మిల్లీమీటర్ల గోళం పట్టింది. ఇప్పుడు ఒకటో తరగతి. కొత్త కన్నుకు కొలత ఇవ్వడానికి పోయిన నెల వెళ్ళొచ్చారు, పాతది వదులైపోయిందట. పాత చిప్పల్ని నాయనమ్మ పారేయనివ్వదు. చెక్క కుంకుమ భరిణెలో దూది పరిచి దాచింది. మొన్న తీసి నా ముందు స్టూలు మీద వరసగా పెట్టింది, మూడు. మొదటిది చింతగింజంత. రెండోది దానికంటే పెద్దది. మూడోది ఇంకా పెద్దది.

"ఇటు సూడు బాబూ," అంది వేలితో ఒక్కొక్కటే తాకుతూ, "ఎదిగింది."